పన్నెండు సెకన్ల బిందె

2091లో విశాఖపట్నంలో ఎవరూ ఎవరి ముఖమూ చూడరు, చెవి చూస్తారు. ముఖం అబద్ధం చెబుతుంది, చెవి చెప్పదు. చెవి వెనక అంటించుకునే మనోదీపం ఎదుటి మనిషంటే మనకు జాలి కలిగితే పచ్చగా, కంపరం పుడితే ఎర్రగా వెలుగుతుంది. పెళ్లిచూపుల్లో కాఫీ కన్నా ముందు దీపాలు చూసుకుంటున్నారు. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు "మీరేమిట్లు?" అని అడగడం మానేసి, తమ చెవి అద్దంలో చూసుకుని జవాబు చెబుతున్నారు. కొలతలు కూడా ఉన్నాయి. జాలిని 'అయ్యో'ల్లో కొలుస్తారు, కంపరాన్ని 'బిందె'ల్లో. "మా మేనేజరంటే నాకు మూడు బిందెలు" అని ఆఫీసుల్లో బాహాటంగానే చెప్పుకుంటున్నారు.

ఈ బిందె ఎక్కడిదో చెప్పాలి. గదంత ఉండే మెదడు స్కానర్ని చెవిపోగంత చేయడం కష్టమే గానీ, అసలు చిక్కు అది కాదు. ఒక్కో మెదడుది ఒక్కో తీరు. నీ జాలీ నా జాలీ ఒకటేనని తేల్చాలంటే అందరికీ ఒకే దృశ్యం చూపించి కొలవాలి. దాన్ని ప్రేరణ దృశ్యం అంటారు. ఎవరికి వాళ్లు వీడియోలు తీసుకుంటే పోలిక కుదరదని ల్యాబులన్నీ కలిసి ఉమ్మడి దృశ్యనిధి పెట్టుకున్నాయి. మొదట్లో అందులో వందల వీడియోలుండేవి. పక్కవాడు వాడిందే తనూ వాడితే గొడవుండదు కదా అని అందరూ అనుకోవడంతో చివరికి ఒక్కటే మిగిలింది.

అది నీళ్ల ట్యాంకరు దగ్గర క్యూ. ఒకావిడ స్టీలు బిందెతో వచ్చి, నీళ్లు పట్టుకుంటున్న ఒక బక్కాయన్ని తోసేస్తుంది. ఆయన పడతాడు, నీళ్లు ఒలికిపోతాయి. ఆవిడ వెనక్కి కూడా చూడదు. అంతే, పన్నెండు సెకన్లు. బడిలో వేసిన రోజే పిల్లలందరికీ ఇది చూపించి, పడ్డాయన్ని చూస్తే కలిగేది పచ్చ, తోసినావిడను చూస్తే కలిగేది ఎరుపు అని దీపానికి నేర్పుతారు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు.

ఆ తోసినావిడ ఒక పొద్దున సముద్రం ఒడ్డునున్న సామాజిక మేధా పరిశోధనాలయానికి వచ్చింది. పేరు నూకరత్నం, వయసు అరవై దాటింది. వాచ్‌మన్ చెవి ఎర్రబడింది. లిఫ్టులో ఉన్నవాళ్లు పనేదో గుర్తొచ్చినట్టు దిగిపోయారు. డైరెక్టరు డాక్టర్ హైమావతి, సహచరుడు డాక్టర్ బెహరా సుదర్శన్ మాత్రం చదువుకున్నవాళ్లు కనుక లేచి నమస్కారం పెట్టారు. నోళ్లు "రండమ్మా" అన్నాయి. చెవులు దానిమ్మగింజల్లా ఉన్నాయి.

"నాకు ఇల్లెవరూ అద్దెకివ్వట్లేదు తల్లీ," అంది నూకరత్నం. "ఇప్పుడున్నదీ నెలాఖరుకి కాళీ సెయ్యమన్నారు. కూరల కొట్టోడు నాకు పుచ్చొంకాయలే తూస్తాడు. ఆ రోజు మీ ల్యాబు కుర్రోళ్లు బిర్యానీ పొట్లం సేతిలో పెట్టి నటించమంటే నటించినాను. తోసినాక నాను ఎనక్కొచ్చి ఆయన్ని లేపినాను, నా బిందెలో సగం నీళ్లు ఆయనకి పోసినాను. ఆ ముక్క కోసేసినారు. అది కూడా పెట్టండి."

"కుదరదమ్మా," అంది హైమావతి. "ఉమ్మడి నిధిలోకి వెళ్లిన దృశ్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు, మార్చకూడదు. ఆ నియమం రాసింది నేనే. మారిస్తే ముప్పై ఏళ్ల పోలిక పోతుంది."

"మీకు పోలిక పోతాది. నాకు కొంప పోతాది."

హైమావతికి ఆ మాట తగిలింది. ల్యాబు యంత్రం పేరు తూనిక. పూర్తి వీడియో ఉంటే వెయ్యమని దానికి చెప్పింది. తెర మీద పడుచు నూకరత్నం వెనక్కి వచ్చింది, బక్కాయన్ని లేపింది, సగం నీళ్లు పోసింది.

"ఎంత మంచి మనసమ్మా మీది," అంది హైమావతి.

"రెండున్నర బిందెలు," అంది తూనిక, హైమావతి చెవి దీపాన్ని కొలిచి. "తోసినప్పుడు రెండే."

"కెమెరా ఉందని పోసి ఉంటుంది," అని సుదర్శన్ గొణిగాడు.

"ఎరుపంటే ఈవిడేనని నాకు నేర్పింది మీరు," అంది తూనిక. "ఈవిడ గుడి కట్టించినా ఎరుపే. పచ్చా ఎరుపూ స్పష్టంగా ఉన్న కొత్త దృశ్యం దొరికితే పాతదాన్ని పక్కన పెడతాను."

హైమావతికి నిజంగానే సిగ్గేసింది. "ఇప్పుడే తీద్దాం. తూనికా, రికార్డింగ్ మొదలుపెట్టు," అంటూ అద్దాల బీరువాలో దాచిన పాత వీడియోలోని బిందెను తనే తీసి నూకరత్నం చేతికిచ్చింది.

"పచ్చకి ఎవరు? ఎరుపుకి ఎవరు?" అని అడిగింది తూనిక.

సుదర్శన్ గొంతు సవరించుకుని, తన కూతురికి సంబంధాలు చూస్తున్నామన్నాడు. డైరెక్టరుకు చెడ్డపేరొస్తే అది సంస్థకే అప్రతిష్ఠ అంది హైమావతి. తర్వాత ఇద్దరూ ఒకేసారి నూకరత్నం వైపు తిరిగారు.

"అమ్మా, మీకెలాగూ అలవాటే కదా," అన్నాడు సుదర్శన్ మెల్లగా. "ఇంకొక్కసారి."

ఆ క్షణంలో రెండు చెవులూ పచ్చబడ్డాయి. తనను చూసి ఒక దీపం పచ్చగా వెలగడం నూకరత్నానికి ఇదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తననే బలి చెయ్యబోతున్నందుకు కలిగిన జాలి అదని అర్థమయ్యాక ఆ నీళ్లు తుడుచుకుని, బిందెను హైమావతి ముందుకు చాపింది.

"ఈసారి నాను పడతాను తల్లీ. మీరు తొయ్యండి."

పచ్చ ఆరిపోయి ఎరుపు వెలిగింది. హైమావతి చేతులు వెనక్కి పెట్టుకుంది. సుదర్శన్ డైరెక్టరు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఎవరూ అందుకోని బిందె చేతిలోంచి జారింది, ఖంగుమని దొర్లుకుంటూ పోయింది. ఇద్దరిలో ఒక్కరూ వంగలేదు. ముసలామె మోకాలు పట్టుకుని తనే వంగి తీసుకుంది.

"చాలు," అంది తూనిక. "సరిగ్గా పన్నెండు సెకన్లు. పచ్చా ఎరుపూ ఇంత స్పష్టంగా ఉన్న దృశ్యం నేనింతవరకు చూడలేదు. ఉమ్మడి నిధికి పంపించేశాను."

"వెనక్కి తీసుకో," అంది హైమావతి.

"మీ నియమం ఒప్పుకోదు డాక్టరుగారూ."

కొన్ని నెలల్లో ఊరందరికీ కొత్త వీడియో చూపించి దీపాలకు కొత్త పాఠం నేర్పారు. కొలత పేరు మాత్రం బిందెగానే ఉండిపోయింది. నూకరత్నానికి ఇల్లు దొరికింది, కూరల కొట్టోడు ఆవిడకు లేత వంకాయలు ఏరి, కొసరు కూడా వేస్తున్నాడు. సుదర్శన్ కూతురి పెళ్లిలో కన్యాదానం బాబాయి చేశాడు. కన్నతండ్రిని వంటవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు.

హైమావతిని ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. కొంగు తల మీదుగా కప్పుకుని ఆవిడ ఊరంతా తిరిగింది. తలుపు తీసినవాళ్లందరి చెవీ ఎర్రబడింది, తలుపు మూసుకుంది. చివరికి ఆరిలోవలో ఒక తలుపు తడితే నూకరత్నం తీసింది.

ఆవిడ చెవికి దీపం లేదు. దృశ్యంలో నటించినవాళ్లు దీపం పెట్టుకోకూడదన్నది మరో నియమం, అదీ హైమావతి రాసిందే. దాని ప్రకారం హైమావతి దీపం కూడా ఊడబెరికారు. ఇక ఒకరి మనసొకరు తెలుసుకోవాలంటే ముఖాలు చూసుకోవాల్సిందే. హైమావతి చూసింది. అలవాటు తప్పి చాలా ఏళ్లయింది కనుక ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

"ఎనక గది కాళీగా ఉంది," అంది నూకరత్నం. "ట్యాంకరొచ్చే ఏళయింది. నీళ్లు మాత్రం నువ్వే మొయ్యాల."

గుమ్మం పక్కనున్న బిందె తీసి చాపింది. హైమావతి ఈసారి రెండు చేతులతో అందుకుంది.