తెగిన ఢోలు

“మిక్సీ ఉండగా రోలెందుకే? ఈ ఎండల్లో సెయ్యి పడిపోయేలా రుబ్బి ఎవుల్ని మెప్పిద్దామని?”

వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది కూర్మమ్మ. పద్మిని తల ఎత్తలేదు. రోలు కింద నాలుగు మడతల గోనెపట్టా వేసి, రాత్రి నీళ్లలో నానబెట్టిన పఖాళ అన్నంలోకి కొబ్బరి పచ్చడి మెల్లగా నూరుతోంది.

“రోటి పచ్చడే రుచి అత్తా…”

“రుచా? మొన్న కాలింగ్ బెల్లు పాడైపోయిందన్నావు. నిన్న కుక్కరు పాడైపోయిందన్నావు. ఇయాల మిక్సీ వంతా? ఏ సామానూ నీ సేతికి అచ్చిరాదేటి?”

మరిది పింటు పళ్లు తోముకుంటూ పెరట్లోంచి తొంగి చూశాడు. “నిజమే అమ్మా. కుక్కరు పోయాక మనింట్లో ఈలేసీది నానొక్కణ్ణే.”

“నువ్వు ఈలెయ్యకు పింటూ, మీ అన్నయ్య పడుకున్నాడు” అంది పద్మిని. ఆ మాట నవ్వుతూ అనాలనుకుంది. నవ్వు రాలేదు.

ఏమని చెబుతుంది అత్తకి? మీ కొడుకు చప్పుడు భరించలేకపోతున్నాడు అని చెబితే నమ్ముతుందా? ఆ ఇంటికి చప్పుడే కూడు పెట్టింది. మామ పైడయ్య కుర్రతనంలో మెడకు ఢోలు తగిలించుకుని పెళ్లి ఊరేగింపుల ముందు నడిచినవాడు. ఆ తర్వాత జాతరల్లో పాటల కచేరీలు చేసే మెలోడీ పార్టీ పెట్టాడు. ఇప్పుడు బ్రహ్మపురంలోనే కాదు, గంజాం పల్లెల్లో ఏ జాతర జరిగినా వాళ్ల సౌండ్ బాక్సులు లారీ ఎక్కాల్సిందే. ఆ బాక్సుల పక్కన, గుండె అదిరే చోట, పెద్దకొడుకు ప్రకాష్ ఆక్టోప్యాడ్ అనే కరెంటు డ్రమ్ము వాయిస్తాడు. జనం లేచి గంతులేసేది అతని చేతుల వల్లే. తెల్లవార్లూ వాయించడం, పగలు వ్యాన్‌లో కునికిపాట్లు, మళ్లీ మరో ఊరు… మెలకువ కోసం మాత్ర, నిద్ర కోసం సీసా. కొన్నాళ్లుగా ఆ రెండూ పని చెయ్యడం మానేశాయి. స్టీలు గిన్నె కింద పడితే అతను చెవులు మూసుకుని గోడకు అంటుకుపోయి వణకడం పద్మిని ఒక్కతే చూసింది. అందుకే బెల్లు తీగ తనే పీకేసింది. కుక్కరు అటక ఎక్కించింది. తలుపు రెక్కలకు పాత చీర ముక్కలు చుట్టింది. నిన్న సాయంత్రం కూతురు బేబీకి జడ వేస్తుంటే అతను పక్కన కూచుని, ఎంతో మామూలుగా, “నాను లేకపోతే మీరిద్దరూ సుకంగా ఉంటారు పద్దూ” అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

“లే, లే. ఇలాగైతే మద్దేన్నానికి గానీ అవదు” అంటూ కూర్మమ్మ కొబ్బరి ముక్కలు లాక్కుని మిక్సీలో వేసింది.

“అత్తా, వద్దు…”

స్విచ్ పడింది. మిక్సీ కీచుమంది.

నడవలో తలుపు విరిగినంత శబ్దమైంది. ప్రకాష్ వచ్చాడు. కళ్లు ఎర్రగా, ఎవరినీ చూడనట్టుగా ఉన్నాయి. వైరు తెంపి, మిక్సీని రెండు చేతులా పైకెత్తి నేలకేసి కొట్టాడు. జార్ పగిలి కొబ్బరి గోడలకు చిమ్మింది. మళ్లీ ఎత్తి మళ్లీ కొట్టాడు. ఆగిపోయిన దాన్నే ఉత్త కాళ్లతో తొక్కుతుంటే అరికాలు తెగి నెత్తురు కారింది. “ఆపండి… ఆపండి…” అంటున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకోబోయిన కూర్మమ్మ మీదికి అతని పిడికిలి లేచింది. పద్మిని మధ్యలోకి దూకింది. ఆ చెయ్యి ఆమె జుట్టును అందుకుంది. ఒక్క విసురు… గుమ్మం చెక్క ఆమె కనుబొమకు తగిలి చర్మం చిట్లింది. గాజులు పొడి పొడి అయ్యాయి.

నెత్తురు చూశాక అతను ఆగాడు. తన చేతులకేసి తనే కొత్తగా చూసుకున్నాడు. నడవలో మంచం కింద బేబీ రెండు చెవులూ గట్టిగా మూసుకుని ముడుచుకుని ఉంది… అచ్చం తండ్రిలాగే.

కూర్మమ్మ పసుపు నీళ్ల చెంబు తెచ్చి కొడుకు నెత్తిన కుమ్మరించింది. “వీడు నా కొడుకు కాదు. అమ్మోరు! ఠాకురాణి తల్లి యాత్రకి పులి ఏసం ఏస్తానని మొక్కుకున్నాడు. పోగ్రాంలు పోగ్రాంలని తిరిగి ఏసం ఎగ్గొట్టినాడు. ఊరంతా ఠాకురాణికి మొక్కులు తీరుస్తుంటే మనోడొక్కడే బాకీ. తల్లికి కోపం రాదేటి?”

పద్మిని కొంగుతో కనుబొమ అదుముకుంటూ, చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన మామ వైపు తిరిగింది. “అమ్మవారు కాదు మామా. బావకి నిద్ర లేదు. చెవిలో ఏదో మోత వదలట్లేదంటున్నాడు. నిన్న… బతకనన్నట్టు మాట్లాడినాడు. పెద్దాసుపత్రిలో మనసుకి వైద్యం చేసే డాక్టర్లుంటారు. ఇప్పుడే ఎల్దాం.”

“పిచ్చి డాక్టరు కాడికా?” పైడయ్య గొంతు తగ్గించాడు, పక్కింటికి వినపడుతుందేమోనని. “ఆ మాట బజార్న పడితే మన పార్టీని ఏ ఊరోడు పిలుత్తాడు? కిందటి నెల పోగ్రాం తప్పిపోతే పచ్చకామెర్లని సెప్పినాను. కామెర్లు తగ్గిపోతాయి. ఈ పేరు తగ్గదు. రేపు చమఖండిలో వాయించాలి వీడు. ఇయాల అమ్మోరిని దింపుదాం.”

దింపడమంటే ఆ ఇంట్లో ఒకటే తెలుసు. అమ్మవారు పూనితే ఢోలు కొట్టాలి. ఆమె ఆడి ఆడి అలిసి శాంతించేదాకా కొట్టాలి. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా వాకిట్లో పీట వేశారు. ప్రకాష్‌ని కూచోబెట్టి పింటు భుజాలు అదిమిపట్టాడు. వేపమండలు, సాంబ్రాణి పొగ… పైడయ్య కొక్కేనికి వేలాడే పాత ఢోలు దించి మెడకు తగిలించుకున్నాడు. వయసైనా ఆ చేతిలో పదును పోలేదు. మొదటి దెబ్బకే ప్రకాష్ ఒళ్లంతా విల్లులా వంగింది.

“నాన్నా, వద్దు. ఆపు నాన్నా…”

“ఆడు కాదయ్యా ఆపమంటంది, అమ్మోరు” అంది కూర్మమ్మ చేతులు జోడించి. “గట్టిగా కొట్టు. దిగుతాది.”

పైడయ్య గట్టిగా కొట్టాడు. ప్రకాష్ తల గిర్రున తిప్పి నేలకేసి మోదుకున్నాడు. ఒకసారి కాదు. నుదురు పగిలింది. పింటు భయపడి పట్టు వదిలాడు. “నాన్నా, ఇదేటో వేరేగుంది…” అన్న మాట ఢోలులో కలిసిపోయింది. ప్రకాష్ పాకుతూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ గోడకు ఆనించిన కత్తిపీట అందింది. దాన్ని లాక్కుని, కుడి చెవి మీదికి వంచుకున్నాడు. “కోసీసుకుంటాను… ఇది పోవాల… ఇది పోతే గానీ పోదు…”

పద్మిని ఎలా చేరిందో ఆమెకే తెలియదు. కత్తి అంచును అరచేత్తో పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారుతున్నా వదల్లేదు. అతను లాగాడు, ఆమె లాగింది, చివరికి కత్తిపీట ఆమె చేతికి వచ్చింది. అప్పటికీ పైడయ్య కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు!

ఆమె లేచి ఎదురుగా వెళ్లింది. మామ ముందు ఎన్నడూ గొంతెత్తని పద్మిని కత్తిపీట ఎత్తి, ఢోలు చర్మాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చీల్చేసింది.

వాకిలి ఒక్కసారిగా మూగబోయింది. ఇంట్లో పూజలందుకునే ఢోలు అది. తెగిన చర్మం మీద కోడలి నెత్తురు.

ఆ నిశ్శబ్దంలో ప్రకాష్ గొంతు సన్నగా వినిపించింది. “ఢోలు ఆగింది గదా నాన్నా? నాకు ఆగలేదు. ఈలేస్తంది లోపల. తింటున్నా, పడుకున్నా… ఎప్పుడూ. సెప్తే మీరు నవ్వుతారని… వాయించీవోడికి సప్పుడు పడదంటే ఎవులైనా నవ్వరేటి?”

ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత కూర్మమ్మే కోడలి చేతికి కట్టు కట్టింది. గుడ్డ కోసం వెతుకుతూ అటక మీద చెయ్యి పెడితే కుక్కరు తగిలింది. మూత, విజిలు, రబ్బరు, అన్నీ బాగానే ఉన్నాయి. గుమ్మం దగ్గర బెల్లు తీగ కొసలకు శుభ్రంగా టేపు చుట్టి ఉంది. తలుపు రెక్కలకు చీర ముక్కలు… గిన్నెల అర మీద పరిచిన పాత దుప్పటి… రోలు కింద గోనెపట్టా. ఒక్కొక్కటి తాకి చూసింది. తిరిగి వచ్చి కోడలి ముందు కూలబడింది.

“ఇన్నాళ్లూ ఆడి బాద నీకొక్కదానికే తెలుసు. నాను కన్నదాన్ని… నాకు మిక్సీ కావాల్సొచ్చింది. నాకొక్క మాట సెప్పకపోయావేటి తల్లీ?”

“చెబుతుంటే వినే వేళ ఎప్పుడుంది అత్తా ఈ ఇంట్లో?” అంది పద్మిని. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అలసట ఉంది.

దీపాలు పెట్టే వేళకు అందరూ అన్నాలకు కూచున్నారు. కూర్మమ్మ స్టీలు కంచాలు తియ్యలేదు. విస్తరాకులు వేసి, పప్పులోకి చెక్క గరిటె వాడింది. నుదుటికి కట్టుతో ప్రకాష్ తల వంచుకుని ఉన్నాడు. బేబీ రోజూలా నాన్న పక్కన కూచోలేదు. తల్లి కొంగు పట్టుకుని అవతలి వైపు కూచుంది. అది అతను చూశాడు. అతను చూడడం పద్మిని చూసింది.

అన్నం వడ్డించేలోగా కంచం అంచు మీద తాళం వెయ్యడం పైడయ్యకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వేళ్లు లేచాయి. గాల్లోనే ఆగాయి. పిడికిలి ముడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

“రేపు చమఖండి…” అని గొణిగాడు పింటు.

“నేనో మాట చెప్పాలి” అంది పద్మిని, ఆకు ముందు కట్టు చెయ్యి పెట్టుకుని. “రేపు పొద్దున్నే బావని ఆసుపత్రికి తీసుకెళ్తాను. చెవి డాక్టరుకీ, మనసు డాక్టరుకీ చూపిస్తాను. మందులిస్తే నేనే దగ్గరుండి మొదలెట్టిస్తాను. డాక్టరు రమ్మన్నప్పుడల్లా వస్తాను. కానీ నేనూ బేబీ కొడల ఊళ్లో మా అన్నయ్య ఇంటి కాడ ఉంటాం. ఇక చెయ్యెత్తడని డాక్టరూ చెప్పాలి, నా గుండె కూడా చెప్పాలి. అప్పుడే తిరిగొస్తాం. ఆయన జబ్బు మీద నాకు కోపం లేదు. కానీ నా కూతురు చెవులు మూసుకుని మంచం కింద పెరగడానికి వీల్లేదు.”

కూర్మమ్మ గరిటె ఆగిపోయింది. అయినా ఆమె కాదనలేదు. “పిల్లని తీసుకెళ్లమ్మా. మందుల ఏళకి ఆడి పక్కన నానుంటాను” అంది.

ప్రకాష్ తలెత్తాడు. “ఎల్లు పద్దూ… నా కాడి నించి దాన్ని కాపాడు. నన్ను మాత్రం… ఒగ్గీకు.”

“ఒగ్గీను” అంది ఆమె. కన్నీళ్లు ఆకులో పడుతుంటే తుడుచుకోలేదు.

పైడయ్య అన్నం ముట్టకుండా లేచి కొడుకు వెనక్కి వచ్చాడు. ఇందాక ఢోలు కొట్టిన చేత్తోనే, ఎంతో జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, ఆ తల నిమిరాడు.

“చమఖండోళ్లకి నానే ఫోన్ సేత్తాను” అన్నాడు. “మావోడు రాడని సెప్తాను. కామెర్లని కాదు… మావోడికి మనసు బాగోలేదు, వైద్యం సేయిస్తున్నామనే సెప్తాను.”