తెనాలి దాకా ఊపిరి

పట్టాల మీద పరిగెడుతోంది ధనమ్మ.

కంకర రాళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నాయి. తెలియడం లేదు.

ముందు, నూరు గజాల దూరంలో కొడుకు. ముత్యాలరావు. పట్టాల మధ్యన తల వంచుకుని నడుస్తున్నాడు.

ఎదురుగా రేపల్లె స్టేషను. పొగ వదులుతూ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న తెనాలి పాసింజరు.

రైలు కింద పడబోతున్నాడు!

"ఒరే ముత్యాలూ! ఆగరా!"

ఆగలేదు.

పోయినేడు తెరచాప కొయ్య విరిగి వాడి తొడ మీద పడింది. బాపట్లలో కట్టు కట్టించారు. ఎముక అతికింది. నొప్పి పోలేదు. రేపల్లెలో మందుల షాపు జనార్దనరావు పెథిడిన్ అనే మత్తు సూది వేశాడు. నొప్పి పోయింది.

సూది పోలేదు.

అది దొరకని రోజు నల్లమందు. ఏడాదిలో మనిషి కాస్తా పుల్లయ్యాడు. చివరికి కులపెద్ద నాంచారయ్య తీర్పు చెప్పాడు... ఇరవయ్యొక్క రోజులు వలల పాకలో కట్టెయ్యమని. ఎవ్వరూ మందు ఇవ్వకూడదని.

మొదటి రోజు వాడి కేకలు పల్లెంతా విన్నది.

ధనమ్మ తట్టుకోలేకపోయింది. చేపలమ్మడానికి వెళ్ళేటప్పుడు చంటిపిల్లాడుగా ఉన్న వాడికి ఆవగింజంత నల్లమందు నాకించి పడుకోబెట్టేది ఒకప్పుడు. ఆ పల్లెలో అందరూ చేసిందే. ఇప్పుడు శనగగింజంత. రోజూ, పాక తడికె సందులోంచి, వాడి నోట్లో పెట్టింది. ఎవరికీ తెలియదు.

మొన్న కట్లు విప్పారు. సముద్రస్నానం చేయించి, పడవ మీద ఒట్టేయించారు. మనిషైపోయాడన్నారు.

ధనమ్మ దగ్గర నల్లమందు అయిపోయింది. రెండు రోజులుగా వాడికి నిద్ర లేదు. ఒకటే చెమట. ఈ పొద్దున చూస్తే... మంచం ఖాళీ!

ధనమ్మ వెనకనుంచి వాడి మీద పడింది. ఇద్దరూ కంకరలో దొర్లారు.

"చావబోతన్నావేంట్రా!"

"లేదమ్మా... తెనాలి పోతన్నా. రైసుమిల్లులో పని చూసుకుంటా."

"అబద్ధం! పట్టాల మీద ఎవడు నడుస్తాడ్రా?"

"రోడ్డెంబడి పోతే జనార్దనరావు షాపు ముందునుంచి పోవాలే!"

ఆమెకు వినపడలేదు. వాడి ఒళ్ళంతా చెమట. మందు లేక చచ్చిపోతాడు... అంతే! ఈడ్చుకుపోయింది. వాడు ఏ షాపు తప్పించుకుని వచ్చాడో, ఆ షాపుకే!

జనార్దనరావు సీసా తీశాడు. "ఎంత?"

"మునుపటంతే వెయ్యండి బాబూ. రోజూ నల్లమందు పడతానే ఉందండి. నా చేత్తోనే పెట్టా."

"వద్దు! అమ్మా, నేను..."

సూది కనపడింది.

ముత్యాలరావు చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

సూది దిగింది.

వాడి ముఖం నెమ్మదించింది. మెల్లగా అన్నాడు, "నువ్వు పెట్టినయ్యి ఒక్కటీ మింగలేదే. నువ్వటు పోగానే ఊసేశా."

జనార్దనరావు చేతిలో సూది కింద పడింది!

"మూడు వారాలుగా ఏమీ లేదా? అలవాటు తప్పిన ఒంట్లో పాత డోసు పడింది! ఊపిరాగిపోద్ది!"

"విరుగుడు వెయ్యండి బాబూ!"

"నా దగ్గరే కాదు, ఈ ఊళ్ళోనే లేదు! తెనాలి తీసుకుపో! నా పేరు చెప్పమాక!"

తలుపులు మూసుకున్నాయి. ధడ్!

రైలు కూత.

కొడుకును భుజాన వేసుకుని ఎలా పరిగెత్తిందో తెలియదు. చివరి పెట్టె. నిండా చేపల బుట్టలు, పల్లె ఆడవాళ్ళు.

"ఏంటే ధనమ్మా, పొద్దున్నే పట్టించాడా?" నవ్వింది సుగుణమ్మ.

"కాదక్కా... సూది... ఊపిరి..."

సుగుణమ్మ నవ్వు ఆగింది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

"బుట్టలు తియ్యండే! సముద్రంలో మునిగినోడికి ఏం చేస్తాం? అదే! బోర్లా పడుకోబెట్టండి!"

"పెద్దాయన నాంచారయ్యకి తెలిస్తే వెలేస్తాడత్తా," వెనకనుంచి ఎవరో అన్నారు.

"మందివ్వొద్దన్నాడు. ఊపిరివ్వొద్దన్లేదు. నొక్కు!"

వీపు మీద రెండు చేతులు. నొక్కు... వదులు. నొక్కు... వదులు.

భట్టిప్రోలు స్టేషను దాటింది.

"మొగుడి కాళ్ళు పిసికినట్టు కాదే! గట్టిగా!"

ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ధనమ్మ కళ్ళల్లో నీళ్ళు లేవు. ఏమీ లేదు. చేతులే కదులుతున్నాయి.

"నేనే చేశానక్కా. నల్లమందు పెట్టానని షాపాయనకి నేనే చెప్పా."

"చంటిపిల్లలకి నేనూ పెట్టా. మా కోడలు ఇప్పటికీ పెడతంది," తలెత్తకుండా అంది సుగుణమ్మ. "ఇంటికెళ్ళాక ఆ నల్లమందు డబ్బీ సముద్రంలో పారేస్తా. నువ్వు నొక్కు."

వేమూరు. ఊపిరి లేదు!

నొక్కు. నొక్కు. నొక్కు!

...వచ్చింది. సన్నగా.

జంపని. చినరావూరు. తెనాలి!

రిక్షా. ఆసుపత్రి. విరుగుడు సూది.

అరగంటకి డాక్టరు బయటికొచ్చాడు. "దారిలో ఊపిరి ఆడించిందెవరమ్మా?"

"మేమేనండి."

"మీవల్లే బతికాడు. కానీ ఒకటి వినండి. కట్టేస్తే పోయే జబ్బు కాదిది. విప్పాకే అసలు భయం. నిద్రుండదు, చెమటలు పోస్తాయి, మనసు మందు మీదికే లాగుతుంది. తోడుండాలి, పనుండాలి. వారం వారం నాకు చూపించాలి."

"ఎట్టాగూ రోజూ తెనాలి వస్తామండి," అంది సుగుణమ్మ. "వారానికొకళ్ళం వెంటబెట్టుకొస్తాం. చేపల బుట్టకంటే బరువా ఏంటి?"

ధనమ్మ లోపలికి వెళ్ళింది.

ముత్యాలరావు కళ్ళు తెరిచి ఉన్నాడు. ఛాతీ లేస్తోంది... పడుతోంది. పెదాలు కదిలాయి. ఆమె వంగి చెవి ఆనించింది.

"అమ్మా..."

"నాయనా!"

"ఇంకొక్క సూది ఏయించవే!"