తాళాలాయనకు అప్పజెప్పిన ఇల్లు

మిట్టమధ్యాహ్నం... పన్నెండు దాటి ఏడు నిమిషాలు.

సూర్యుడు నడినెత్తిన ఉండాల్సిన వేళ ఆకాశం కాటుక కలిపిన నీళ్ళలా నల్లబడింది. మేఘగర్భంలో ఎక్కడో ఒక ఉరుము పొర్లింది. పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి ఆ రెండంతస్తుల ఇంటి పిట్టగోడ మీద వాలి, రెప్ప వేయకుండా వీధి గుమ్మం వైపే చూస్తోంది...

లోపల, ఇల్లు కొనాలని వచ్చిన కుర్ర జంట వంటగదిలో నిలబడి ఉంది. వాళ్ళకు ఇల్లు నచ్చింది. పొయ్యి ఎటువైపు పెట్టుకోవాలో, పాపకు ఏ గది ఇవ్వాలో కూడా అనేసుకున్నారు. ఇంటావిడ నర్సమ్మ పంపు తిప్పి నీళ్ళ ధార చూపిస్తోంది. అంతలో ఆమె చెయ్యి ఆగిపోయింది. కనుగుడ్లు పైకి తేలి తెల్లబడ్డాయి. పెదవులు కదలలేదు... కానీ ఆ గొంతులోంచి ఎవరో పరాయి ఆడమనిషి స్వరం, పాతాళకుహరంలోంచి వచ్చినట్టు తడిగా, బరువుగా వెలువడింది.

"ఈ ఇంట్లో చేరినవాళ్ళు తమ కాళ్ళ మీద బయటికి పోరు."

ఆ జంట చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

నర్సమ్మకు తెలివి వచ్చేసరికి పంపు కారుతూనే ఉంది. చెప్పాపెట్టకుండా వాళ్ళెందుకు వెళ్ళిపోయారో ఆమెకు అంతుపట్టలేదు. మూడు నెలల్లో అలా వెళ్ళిపోయినవాళ్ళు అప్పటికి పదకొండు మంది.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో రాత్రీ పగలూ డ్యూటీలు చేసి కట్టుకున్న ఇల్లది. ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఆయన మూత్రపిండాలు రెండూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళాల్సి రావడంతో మెట్లెక్కి దిగడమే ప్రాణగండమైంది. ఆసుపత్రి పక్క సందులో మెట్లు లేని చిన్న ఇల్లు ఒకటి కుదిరింది. దీన్ని అమ్మితేనే దాన్ని కొనగలరు.

మూడు నెలల కిందట, అమ్మకం ఎవరికి అప్పజెప్పాలా అని ఆలోచిస్తుండగా ఇద్దరు ఏజెంట్లు వచ్చారు. మొదటావిడది బొంగురు గొంతు. టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. గోడ నెర్రెలు గోటితో గీకింది. పైకప్పు చెమ్మ చూసి పెదవి విరిచింది. నర్సమ్మ అనుకున్నదానికన్నా బాగా తక్కువ ధర చెప్పి, తన ద్వారా ఇళ్ళు అమ్ముకున్న నలుగురి ఫోన్ నంబర్లు రాసిచ్చి, వాళ్ళనే అడిగి చూసుకోమంది. నిజం నిష్ఠూరంగా ఉంటుంది. నర్సమ్మ ముఖం మాడ్చుకుంది.

రెండో ఏజెంటును నర్సమ్మ చెల్లెలు వెంటబెట్టుకొచ్చింది. నడుముకు ఎప్పుడూ పెద్ద తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది కాబట్టి ఆయన్ను అందరూ తాళాలాయన అనేవారు. ఆయన ఇల్లు సరిగ్గా చూడనైనా లేదు, గుమ్మంలోంచే రెట్టింపు ధర పలికాడు. ఇంతకుముందు ఎవరెవరి ఇళ్ళు అమ్మారని నర్సమ్మ భర్త అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పయోముఖ విషకుంభం... ఆ నవ్వు వెనక ఏముందో అక్కడున్నవాళ్ళలో ఇంకొక్కరికే తెలుసు.

"నా మీద నమ్మకం లేదా అక్కా?" అంది చెల్లెలు.

అమ్మ పోయాక తానే జడలు వేసి, చదివించి, పెంచిన చెల్లెలు. ఆ మాట తర్వాత నర్సమ్మ ఇంకేమీ అడగలేదు. ఆరు నెలలపాటు మరే ఏజెంటుకూ ఇల్లు ఇవ్వనని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. మెట్ల కింది అలమర తన కాగితాలకు కావాలని, దాని తాళం తన దగ్గరే ఉంటుందని ఆయన అన్నప్పుడు కూడా తల ఊపింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోయారు. పారిపోయిన ప్రతిసారీ తాళాలాయన ధర తగ్గించాడు. కుర్ర జంట కూడా వెళ్ళిపోయాక, ఈ కొంపను ఇక ఎవరూ కొనరని, పోనీ జాలిపడి తానే తీసుకుంటానని ఫోన్ చేశాడు. ఆయన చెప్పిన ధరకు ఆసుపత్రి పక్కన ఒక్క గది కూడా రాదు. మర్నాడు మధ్యాహ్నం కాగితాలతో వస్తానన్నాడు.

ఆ సాయంత్రమే బొంగురు గొంతు ఏజెంటమ్మ తలుపు తట్టింది. పారిపోయిన జంట వెళ్ళి చేరింది ఆమె దగ్గరికే.

"మీ ఇల్లు కొనొద్దని మీరే బెదిరిస్తే ఎలాగమ్మా?" అంది.

నర్సమ్మ తెల్లబోయి భర్త వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. ఆ మాటలు తానూ విన్నానని, అది నీ గొంతు కాదని, చెబితే బెంబేలు పడతావని ఇన్నాళ్ళూ దిగమింగానని ఒప్పుకున్నాడు. ఎప్పటినుంచని ఆమె అడిగింది. అలమరకు తాళం పడ్డ రోజు నుంచని ఆయన చెప్పాడు.

గడియారాల పనిముట్లతో ఆయనే ఆ తాళం తీశాడు. తలుపు తెరుచుకోగానే శ్మశానపు చలి ముఖాన కొట్టింది... ఏజెంటమ్మ టార్చి వెలుగులో ఒక కపాలం! దవడలను నల్లదారంతో బిగించి కట్టారు. కంటిగుంతల నిండా బూడిద. నుదుట ఎండిన నెత్తుటితో గీసిన యంత్రం. దాని కింద మడతపెట్టిన తెల్లబట్ట ఒకటి. అది నర్సమ్మ మొదటి ఉద్యోగంనాటి యూనిఫాం. జేబు మీద ఆమె ఎర్రదారంతో కుట్టుకున్న అక్షరం అలాగే ఉంది. గుర్తుగా ఉంచుకుంటానని పదేళ్ళ కిందట చెల్లెలు అడిగి తీసుకెళ్ళిన బట్ట అది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కపాలాన్ని తేరిపార చూసిన నర్సమ్మ ఆ జేబును మాత్రం చూడలేకపోయింది.

దాన్ని తీసుకెళ్ళి మురిక్కాలువలో పారేద్దామంది ఏజెంటమ్మ. నర్సమ్మ వద్దంది. నా అన్నవాళ్ళు లేకుండా వార్డులో పోయినవాళ్ళను వందలమందిని కడిగిన చేతులు ఆమెవి. కత్తెరతో నల్లదారం తెంచింది. గోరువెచ్చని నీళ్ళతో బూడిద కడిగింది. నెత్తుటి గీతలను దూదితో తుడిచింది. ఆ యూనిఫాంలోనే కపాలాన్ని చుట్టి తన గదిలో పెట్టి, వార్డులో ప్రతి శవానికీ చెప్పే మాటే దానికీ చెప్పి, చివర ఇంకొక మాట కలిపింది.

"అయిపోయిందమ్మా. ఇక నొప్పి లేదు. నిన్నింకెవరూ కట్టెయ్యరు."

ఇల్లంతా ఒక్కసారి దీర్ఘంగా నిట్టూర్చినట్టయింది...

మర్నాడు అదే వేళకు తాళాలాయన వచ్చాడు. సాక్షి సంతకానికి చెల్లెలు వెంట వచ్చింది. అక్క కళ్ళలోకి చూడలేదు. బయట ఉరుములు దిక్కులను దద్దరిల్లజేస్తున్నాయి. ఆయన బల్ల మీద కాగితాలు పరిచి, కలం ఆమె ముందుకు నెట్టి, లోగొంతుకతో బీజాక్షరాలు ఉచ్చరించడం మొదలుపెట్టాడు. నర్సమ్మ కళ్ళు తేలాలి... చెయ్యి తనంతట తానే సంతకం గీయాలి... అదీ ఆయన పన్నాగం.

ఆమె మామూలుగా చూస్తూ కూర్చుంది.

ఆయన నుదుట చెమట పట్టింది. మంత్రస్వరం హెచ్చింది. "పట్టు దాన్ని! నా ఆజ్ఞ మీరితే భస్మం చేస్తాను" అని గర్జించాడు. సమాధానం వచ్చింది. వచ్చింది ఆయన నోట్లోంచే, ఆ ఆడమనిషి గొంతుతో.

"కుట్టుమిషను తొక్కి కట్టుకున్న ఇల్లు నాది. అమ్మిపెడతావని నమ్మి తాళం నీ చేతికిచ్చాను. ఇల్లూ తీసుకున్నావు, తలా తీసుకున్నావు."

తాళాలాయన దవడల చుట్టూ దారంతో బిగించినట్టు నల్లటి గీత ఒకటి లేచింది. నోరు మూతపడింది. కళ్ళు మాత్రం ప్రాణభిక్ష అడుగుతున్నాయి... కనిపించని చేతులేవో జుట్టు పట్టి ఈడ్చినట్టు, నేల మీద మడమలు రాసుకుంటూ, ఆయన మెట్ల కిందికి వెళ్ళిపోయాడు. అలమర తలుపు దానంతట అదే మూసుకుంది. ఆకాశం బద్దలైనట్టు పిడుగు పడింది.

తలుపు తీసి చూస్తే గుప్పెడు బూడిద, కరిగి ముద్దకట్టిన తాళంచెవుల గుత్తి మిగిలాయి.

చెల్లెలు అక్క కాళ్ళ మీద పడింది. ఇల్లు వాడి చేతికొచ్చాక పై వాటా తనకిస్తానన్నాడని, ఇంత దూరం వస్తుందనుకోలేదని ఏడ్చింది. తనకూ ఏదో ప్రయోగం చేసి మతి పోగొట్టాడంది.

నర్సమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నన్ను పట్టడానికి వాడికి ఒక కపాలం కావాల్సొచ్చింది. నిన్ను పట్టడానికి ఏమీ అక్కర్లేకపోయింది."

వీధి తలుపు తెరిచి పట్టుకుని, చెల్లెలు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి భర్త పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. కుట్టుమిషనావిడ కపాలాన్ని యూనిఫాంతో సహా శ్మశానంలో పాతిపెట్టారు.

నెల తిరక్కుండా ఏజెంటమ్మ ఇల్లు అమ్మిపెట్టింది. చెమ్మ సంగతీ నెర్రెల సంగతీ ముందే చెప్పి అమ్మింది. రిజిస్ట్రేషన్ రోజున గుమస్తా కాగితాలు తిరగేసి, ఒక సాక్షి సంతకం తక్కువైందన్నాడు. ఇంకెవరున్నారా అని ఏజెంటమ్మ చుట్టూ చూసింది.

"మీకో చెల్లెలు ఉంది కదమ్మా?" అని అడిగాడు వాళ్ళ కుటుంబాన్ని ఎరిగిన గుమస్తా.

నర్సమ్మ కలం మూత పెట్టింది.

"ఉండేది" అంది.