ఊట కాలువ

పొద్దున్నే పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించబోయిన అమ్మాయి గబుక్కున ఉమ్మేసింది. అదే ఉప్పు, అదే నీచు వాసన. ఇంటి వెనక రొయ్యల చెరువు తవ్విన రెండేళ్ళ నుంచీ బావి నీళ్ళు ఇంతే. చెరువు అడుగున కుళ్ళిన మేత, గట్టంతా పచ్చటి జిగురు. నాలుగడుగులు వేస్తే చెప్పులకు అంటుకుని ఓ పట్టాన వదలదు.

"నాన్నా, ఈ నీళ్ళు నోట్లో పెట్టుకోలేం."

"నీదంతా చోద్యం. నేను తాగడం లేదూ?" తండ్రి హుషారుగా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "త్వరగా తెములు. అత్త వస్తోంది. పక్కన తన పొలం మనకే ఇచ్చేస్తుందట. మధ్య గట్టు తీసేస్తే అంతా ఒకటే చెరువు!"

అమ్మాయిది భూమి సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఏ నేలలో ఏం సాగవుతోందో తిరిగి చూసి పటంలో రంగులు వేయాలి. పంటకు ఆకుపచ్చ, చెరువుకు నీలం, బీడుకు తెలుపు. ఈ మధ్య ఎక్కడ నీలం వేసినా, ఏడాది తిరిగేసరికి దాని పక్కన తెలుపు వేయాల్సి వస్తోంది. నిన్న అత్త పొలానికి తెలుపు వేసింది. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

అత్త చేతిసంచితో వచ్చి కూర్చుంది.

"మూడుసార్లు విత్తానన్నయ్యా. మొలక లేచినట్టే లేచి మాడిపోతోంది. మీ బావ పోయాక నాకేదీ కలిసిరావడం లేదు. నా చెయ్యే మంచిది కాదేమో. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

"బాధపడకు చెల్లీ. వ్యవసాయం అందరికీ అచ్చిరాదు," అన్నాడు తండ్రి, జాలిపడుతున్నట్టు ముఖం పెట్టి.

చెరువు కంపు కన్నా ఆ జాలి ఎక్కువ వెగటు పుట్టించింది అమ్మాయికి. ఒళ్ళు మండిపోయింది.

"అత్తా, సంతకం పెట్టకు. నాన్నా, అత్త వైపు ఊట కాలువ ఏదీ?"

తండ్రి బల్ల మీది పొలం కాగితాలు సర్దసాగాడు.

"ఉప్పునీటి చెరువు తవ్వితే చుట్టూ కాలువ తీసి, ఊట పక్క పొలాల్లోకి దిగకుండా చూడాలి. మూడు వైపులా తీశావు. అత్త వైపే ఎందుకు వదిలేశావు?"

"మూడు గజాలు వృథా అవుతాయని... సొంత చెల్లెలేగా, ఏమీ అనదులే అని..."

"పరాయివాళ్ళయితే గొడవకొస్తారని వాళ్ళకి తీశావన్నమాట! ఛీ, అసహ్యంగా ఉంది నాన్నా. నామీద నాకూ అసహ్యమే. కాలువ లేదని చూసి కూడా, మనదే కదా అని నీలం రంగు వేసి ఊరుకున్నాను."

అత్త ఎవరినీ తిట్టలేదు. గుర్తుగా ఉంచుకుందామని తెచ్చుకున్న తన పొలం మట్టిగడ్డను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. దానిపైన తెల్లటి పొర. తండ్రి ఓ పెళ్ళ విరిచి నాలుక మీద వేసుకున్నాడు. వికారంగా ఉమ్మేసి, పుక్కిలించడానికి బావి నీళ్ళ చెంబు అందుకున్నాడు. నీళ్ళదీ అదే రుచి. ఈసారి ఉమ్మలేకపోయాడు. బుగ్గల నిండా నీళ్ళతో అలాగే నిలబడ్డాడు. కళ్ళు కారిపోతున్నాయి.

చివరికి మింగేసి, "నీ చెయ్యి మంచిదే చెల్లీ. పాడు చెయ్యి నాది," అన్నాడు. కాగితాలు చింపేశాడు. "చెరువు ఎండగట్టేస్తాను. ఇవాళే కాలువ మొదలుపెడతాను, నా నేలలోనే."

"మళ్ళీ మొలుస్తుందా అన్నయ్యా?"

"తెలీదమ్మా," అన్నాడు ఏడుస్తూ.

"మంచినీళ్ళు పెట్టి నేలలో ఉప్పును ఏళ్ళ తరబడి కడగాలి. నేనూ వస్తానత్తా," అంది అమ్మాయి.

అత్త కళ్ళు తుడుచుకుంది. బల్ల మీద రాలిన మట్టినంతా గడ్డతో పాటు సంచిలోకి ఎత్తుకుంది.

"దీన్ని తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే వేస్తాను," అంది.