టీ పర్లేదు

ఈ సంగతి మొదట బయటపెట్టినవాడు లిఫ్టు మెకానిక్ ఎర్రినాయుడు. అతను ఏది చెప్పినా సగం చెప్పి సగం మింగేస్తాడు. ఆ మింగిన సగం కూడా కక్కించి, ముక్కముక్కా సరిచూసి ఇక్కడ పెట్టడమైంది. ఇంకా తప్పుంటే అది ఎర్రినాయుడిది.

ఇంకో పదేళ్ల తర్వాతి విశాఖపట్నం. కొండమీద సముద్రం వైపు అద్దాలు పెట్టుకుని నిలబడ్డ బిల్డింగుల్లో సమష్టి సిస్టమ్స్ వాళ్లది పదకొండంతస్తులు. ఆవేళ నాలుగో అంతస్తులో, తలుపులు మూసిన ఒక చిన్న గదిలో, డాక్టర్ కాత్యాయని అనే సైంటిస్టు బటన్ నొక్కి, ఎదురుగా కూర్చున్న పెద్దాయనతో అంది:

"సూరప్పడు గారూ, మిమ్మల్ని బాగా బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పండి."

బొడ్డు సూరప్పడు ఆ కంపెనీ గేటు సెక్యూరిటీకి పెద్ద. ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. తల పైకెత్తి సీలింగుకేసి చూశాడు. అక్కడ అరచేయంత తెల్ల డబ్బా, నాలుగు వైర్లు కాళ్లలా చాచి అంటుకుని ఉంది.

"ఇది దేనికమ్మా వింటంది?"

"మీ మాట కోసం కాదు, మీ గొంతు కోసం. మనిషి లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అన్నప్పుడు గొంతులో తీగలు బిగుస్తాయి, సన్నగా వణుకుతాయి. ఆ వణుకు చెవికి అందదు. ఈ సెన్సర్‌కి అందుతుంది. అయితే ఏ వణుకు తృప్తిదో, ఏది అసంతృప్తిదో దానంతట దానికి తెలీదు. మనమే శాంపిల్స్ ఇచ్చి నేర్పాలి."

"నానే ఎందుకు?"

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అంతకుముందు పెట్టిన మెషీన్ మాటలు మాత్రమే వినేది. ఆఫీసులో ఎవర్ని అడిగినా "పర్లేదండీ" అనేవాళ్లు. నూటికి తొంభై ఎనిమిది తృప్తి అని రిపోర్టు వచ్చింది. అదే మూడు నెలల్లో నలభైమంది రాజీనామా పెట్టారు. సెలవు అడిగితే టీమ్ లీడ్ నవ్వుతాడు, ఆదివారం ఫోనెత్తకపోతే సోమవారం అందరి ముందూ నిలబెడతాడు, మెట్ల దగ్గర ఎవరో ఒకరు మొహం తుడుచుకుంటూ ఉంటారు. అడిగితే మాత్రం, పర్లేదు.

"మీరు జూట్ మిల్లు గేటులో ముప్ఫై ఏళ్లు చేశారట. నమస్కారం పెట్టే గొంతు విని ఎవడు సమ్మెకి దిగుతాడో చెప్పేవారట. అందుకని మీరు."

సూరప్పడు కాస్త వెనక్కి వాలి కూర్చున్నాడు. తనని ఎన్నుకోవడంలో తప్పేమీ కనపడలేదు. మెషీన్ మీద మాత్రం అనుమానం పోలేదు.

బాధపెట్టిన సంగతికి వెతుక్కోనక్కర్లేదు. ఇరవై రెండేళ్ల కిందట మిల్లు హాజరు రిజిస్టర్లో టైంకీపరు అతని పేరు 'సూరప్ప' అని రాశాడు. 'డు' ఎగ్గొట్టాడు. సూరప్పడికి చదువు సంతకం దాకా, లారీ నంబర్ల దాకానే. కానీ తన పేరు ఎక్కడ ఆగుతుందో తెలుసు.

"సూరప్ప అంటే మా పినతండ్రమ్మా! ఆడు వేరు, నాను వేరు! ఆ టైంకీపరు పెన్నుకి ఒక్క అక్షరం బరువైపోనాదా?" అంటూ గంటన్నర చెప్పాడు. గొంతు బావిలోంచి నీళ్లు తోడినట్టు ధారాళంగా వచ్చింది. ఆ తగువు చెప్పేటప్పుడు అతనికి ఉండే హాయి మరెందులోనూ ఉండదు. మెషీన్ ఆ హాయి గొంతంతా ఎత్తుకుని, 'అసంతృప్తి' అనే పేరు కింద దాచుకుంది.

తర్వాత డాక్టరమ్మ తన ఫ్లాస్కులోంచి టీ పోసి చేతికిచ్చింది. "మా అమ్మ కొట్టి పంపిన పొడి. వాము, శొంఠి. పంచదార వెయ్యను, మంచిది కాదు."

సూరప్పడు ఒక గుక్క తాగాడు. కళ్లు నీళ్లు తిరిగాయి. అలాంటి టీ మిల్లు క్యాంటీన్లో పోసుంటే గ్లాసుతో సహా అవతలికి విసిరేవాడు.

"టీ ఎలా ఉంది, సూరప్పడు గారూ?"

ఆమె కళ్లలో ఆశ కనపడింది. సూరప్పడు గుక్క మింగాడు. గొంతు బిగబట్టుకుని, "పర్లేదమ్మా" అన్నాడు.

పైన డబ్బా టిక్ టిక్ మంది. పచ్చలైటు వెలిగింది. డాక్టరమ్మ మొహం వికసించింది.

"ఇది చాలు. ఎవర్నీ మెచ్చుకోని మనిషి నోట్లోంచి వచ్చిన మాట! నిజమైన తృప్తికి ఇదే కొలత."

*

నెల తిరిగేసరికి పదకొండంతస్తుల్లోనూ ఆ డబ్బాలే. తృప్తి గొంతు వినపడితే టిక్ టిక్ మని పచ్చలైటు, లేకపోతే చప్పుడు లేకుండా ఎర్రలైటు. సీలింగు మీద అంటుకుని టిక్ మంటుంది కాబట్టి ఉద్యోగులు దాన్ని బల్లి అన్నారు. బల్లి పలికితే అన్నమాట నిజమని వేలితో బల్ల తట్టి "సత్యం" అనుకోవడం మనకి అలవాటే. వాళ్లూ మొదట్లో సరదాకి తట్టేవాళ్లు.

ఆ సరదా ఎన్నాళ్లో లేదు. మూడు ఎర్రలైట్లు పడినవాళ్లని హెచ్.ఆర్. హెడ్ మకరంద్ పిలిచి, "మనమంతా ఒక ఫ్యామిలీ. ఫ్యామిలీలో నీకు హ్యాపీగా లేదని తెలిసింది" అని చెప్పి పంపించేస్తున్నాడు.

గేటు దగ్గర సూరప్పడు లెక్క చూసుకున్నాడు. బయటికి పోతున్నవాళ్లు ఎవరు? పొద్దున్నే పాటలు పాడుకుంటూ వచ్చే కుర్రాడు. గేటు దాకా వినపడేలా నవ్వే టెస్టింగ్ మేడం. లోపల మిగులుతున్నవాళ్లు ఎవరు? పళ్లు బిగబట్టుకుని తిరిగేవాళ్లు. ఏదో తేడా ఉంది. ఎవర్ని అడుగుదామన్నా ఇద్దరు కలిసి నిలబడరు. ఒకరి మాట ఇంకొకరు బల్లికి పట్టిస్తారేమోనని అందరికీ అనుమానం.

చిత్రమేమిటంటే లోపలివాళ్ల మాటతీరు మారిపోయింది. ఇరవై మూడేళ్ల ఇంజినీర్లు కూడా గుటక మింగి, గొంతు నొక్కిపెట్టి, "ఆఁ... పర్లేదు" అంటున్నారు. ఎక్కడో విన్న గొంతులా ఉంది అనుకున్నాడు సూరప్పడు. అది తనదేనని తట్టలేదు.

ఆ సంగతి ఎర్రినాయుడు చెప్పాడు. లిఫ్టు పైకప్పు మీద కూర్చుని తీగలు బిగిస్తుంటే, కింద డాక్టరమ్మ ఎవరితోనో ఫోన్లో అందట.

"మావా, తృప్తికి కొలత నీ మాటేనట. టీ తాగి పర్లేదన్నావు సూడు, అదేనట. అసంతృప్తికి కూడా నీ గొంతేనట, ఆ 'డు' తగువు."

సూరప్పడు చేతిలో లాఠీ జారి కింద పడింది.

సరిగ్గా అప్పుడే హిమజ వచ్చింది. బొబ్బిలి పిల్ల, ఏడో అంతస్తులో ప్రోగ్రామర్. ఆ బిల్డింగు మొత్తంలో గేటు దగ్గర ఆగి "తాతగారూ, తిన్నారా?" అని అడిగేది ఆమె ఒక్కతే. తండ్రికి పక్షవాతం, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

"మూడోది పడింది తాతగారూ. అక్క పెళ్లికి నాలుగోసారి అడిగితే రెండ్రోజులు సెలవిచ్చారు. సంతోషం పట్టలేక 'పర్లేదు సార్, రెండ్రోజులు చాలు!' అన్నాను. ఎర్రలైటు. రేపు పదకొండింటికి రమ్మన్నారు."

హాయిగా విచ్చుకున్న గొంతు. టైంకీపర్ని తిట్టేటప్పటి తన గొంతు లాంటిదే. సూరప్పడికి అంతా అర్థమైంది.

ఆమె ఉద్యోగం నిలబెట్టాలంటే ఒకటే దారి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని చెప్పుకు తిరిగే మనిషి, టీ విషయంలో ఆడానని నలుగురిలో ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ మెషీన్ పునాది కదులుతుంది.

*

మర్నాడు మీటింగ్ రూంలో మకరంద్, డాక్టరమ్మ, తలొంచుకున్న హిమజ. పిలవకుండానే సూరప్పడు లోపలికొచ్చి టోపీ తీశాడు.

"ఏంటి పెద్దాయనా, గేటు ఎవరు చూస్తున్నారు?" అన్నాడు మకరంద్.

"గేటు ఎక్కడికీ పోదు బాబూ. డాక్టరమ్మ గారూ, మీ మిసను తప్పు నేర్సుకుంది. తప్పు నాది." సిగ్గుతో గొంతు పూడుకుపోయింది. గుటక మింగాడు. "ఆ రోజు... టీ బాగోనేదు."

డాక్టరమ్మ చటుక్కున తలెత్తింది.

"మీరు పర్లేదన్నారు కదా?"

"ఆడకూతురు సేత్తో తెచ్చి ఇచ్చిన టీ బాగోనేదని మొహం మీద ఎవడంటాడమ్మా? అందులోనూ మీ అమ్మగారు కొట్టిన పొడి. మాటవరసకి అన్నాను. అబద్దం ఆడాను. ఆ అబద్దాన్ని కొలత సేసుకుని ఈ గుంటని పంపించేస్తన్నారు."

టిక్ టిక్. పచ్చలైటు.

మకరంద్ గోడమీది స్క్రీన్ చూసి పకపకా నవ్వాడు. "తొంభై ఏడు! మేడం, ఈ బిల్డింగులో ఇంత హ్యాపీ మనిషి లేడు. నాకైతే ఈ అమ్మాయే చెప్పి పంపించిందని అనుమానం."

"అయ్యో, నాను సిగ్గుతో సస్తన్నాను బాబూ!"

టిక్ టిక్. తొంభై ఎనిమిది.

"డాక్టరమ్మా, మీరైనా సెప్పండి."

కాత్యాయని స్క్రీన్ వైపు చూసింది, సూరప్పడి వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. లెక్క తప్పిందని ఒప్పుకోవాలంటే ముందు అమ్మ టీ బాగోలేదని ఒప్పుకోవాలి. ఫ్లాస్కు నెమ్మదిగా బ్యాగులోకి తోసేసింది.

"పర్లేదు లెండి," అంది గొంతు నొక్కుకుని. "రీడింగ్ క్లియర్‌గానే ఉంది."

బల్లి ఆమెకీ పలికింది. బల్ల మాత్రం ఎవరూ తట్టలేదు.

మధ్యాహ్నం హిమజ గేటు దగ్గర ఐడీ కార్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏటి సేస్తావమ్మా ఇప్పుడు?"

"పర్లేదు తాతగారూ."

గేటుకి బల్లి లేదు. అది ఏ పర్లేదో చెప్పడానికి సూరప్పడికి బల్లితో పని కూడా లేదు.

ఇప్పుడు మీరెవరైనా సమష్టి వాళ్ల రిసెప్షన్‌కి వెళితే ఎదురుగా గోడమీద అతని ఫోటో కనిపిస్తుంది, ఖాకీ చొక్కాతో, మెడదాకా గుండీలతో. కింద ఏం రాశారో ఎర్రినాయుడే చదివి చెప్పాడు: 'అత్యంత సంతృప్త ఉద్యోగి, బి. సూరప్ప'. ఇక్కడా 'డు' లేదు. ఇరవై రెండేళ్ల తగువుకి తోడు దొరికిందని, ఇక చెవులు చిల్లులు పడేలా తిడతాడని ఎర్రినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడట. సూరప్పడు తిట్టలేదు. ఆ అక్షరాలు ఆగిన చోటే చూసి, ఒకటే అడిగాడు.

అదే ఇక్కడ రాస్తున్నది. చదివినవాళ్లలో ఆ కంపెనీ కంప్యూటర్ ముట్టుకోగల వాళ్లెవరైనా ఉంటే, బొబ్బిలి హిమజ ఫైలు తెరిచి 'అసంతృప్తి' అన్నచోట గీత కొట్టండి. ఆ పిల్ల ఆ రోజు నిజంగానే సంతోషంగా ఉందని రాయండి. తృప్తి శాంపిల్ దగ్గర టీ బాగోలేదని రాయండి. పేరు చివర 'డు' లేకపోయినా పర్లేదట.