చివరి పేజీ నుంచి మొదలు

1998 ఆగస్టు 14, శుక్రవారం. ఆ ఉదయం ఎఫ్రేన్ రెండు త్లకోయోలు తిన్నాడు. చిక్కుడు ముద్ద కూరిన నీలం మొక్కజొన్న రొట్టెలు, పైన నాగజెముడు ముక్కలు, పచ్చ సాల్సా చట్నీ. డబ్బింగ్ వాళ్లు ఖాళీ కడుపుతో మైకు ముందు నిలబడరు. గొంతు పలికినా పలకకపోయినా, ఆకలి మాత్రం మైకులో ఖణీమని పలుకుతుంది.

కడుపు నిండి ఉండబట్టే కాబోలు, ఆ రోజు అతనికి నోరు కాస్త ఎక్కువ లేచింది.

మెక్సికో నగరంలోని ఆ స్టూడియోలో అతను 'తుపాను దీపం' అనే జపాన్ యానిమే బొమ్మల సీరియల్‌కి స్పానిష్ గొంతు ఇస్తున్నాడు. అతనిది ఒంటికన్ను కథానాయకుడు గెంటా. ఆ కథే మాంగాగా, అంటే బొమ్మల పుస్తకంగా, ఇక్కడే స్పానిష్‌లో అచ్చవుతోంది. రెండింటిలో మాటలు ఒకటిగా ఉండాలని ఛానెల్ వాళ్లు పుస్తకంలోని అనువాదాన్నే స్క్రిప్టుగా పంపారు.

ఎఫ్రేన్ తెర చూస్తూ చదివాడు. గెంటా తన ఎడమ కన్ను సముద్రానికి ఇచ్చేశానంటున్నాడు. తెర మీద నల్లపట్టీ ఉన్నది కుడి కంటికి. సౌండ్ చూసుకునే అబుందియో గారు టేపు ఆపారు.

"ఇది రాసినవాళ్లెవరో గానీ, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చారు" అన్నాడు ఎఫ్రేన్, మైకులోనే.

అద్దం అవతలి నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "ఇంట్లో పెట్టలేదండీ. ఇక్కడే ఉన్నాయి. మిమ్మల్నే చూస్తున్నాయి."

ఆమె జూలెమా నకాసోనే. ఆ పుస్తకాన్ని అనువదించింది ఆమే. రికార్డింగ్ చూద్దామని వచ్చి వెనక కూర్చుంది. విసవిసా లోపలికి వచ్చి పుస్తకం తెరిచి అతని ముక్కు కింద పెట్టింది. అందులో పట్టీ ఎడమ కంటికే ఉంది.

ఇద్దరూ తెర వైపు చూశారు, పుస్తకం వైపు చూశారు. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. ఇక్కడివాళ్లకి అలవాటు లేదని ప్రచురణకర్త ప్రతి పేజీనీ అద్దంలో చూపినట్టు తిప్పి అచ్చేశాడు. జూలెమా చేతికి వచ్చినవి ఆ తిప్పిన పేజీలే; బొమ్మలో ఉన్నట్టే ఎడమ కన్ను అని రాసింది.

గెలిచానని ఎఫ్రేన్ నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఆమె చూస్తున్నది కంటిని కాదు, పుస్తకంలో గెంటా కట్టుకున్న జపాన్ అంగీని, కిమోనోని.

"మా అమ్మమ్మది జపాన్‌లో ఒకినావా. బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలని చిన్నప్పుడే చెప్పింది. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టినట్టు." ఆమె పుస్తకం మూసేసింది. "రెండు సంపుటాల నిండా అందరికీ శవాల బట్టలు కట్టించాను నేను."

ఎఫ్రేన్ దగ్గర ఇంకో మూడు వెటకారాలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ముఖం చూసి మూడింటినీ మింగేశాడు. మీరు పొద్దున్న ఏమైనా తిన్నారా అని అడిగాడు.

వీధి మూల బండి దగ్గర టార్పాలిన్ కింద తింటుండగానే వాన పట్టుకుంది. రొట్టె పూర్తయ్యేలోపు జూలెమా ఒక నిర్ణయానికి వచ్చేసింది. మూడో సంపుటం జపాన్‌లో ఎలా ఉందో అలాగే రావాలి, కుడి నుంచి ఎడమకి. ప్రచురణకర్త ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పుస్తకాలు వెనక్కి వస్తే సిరీస్ ఆగుతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది.

పుస్తకాలు వెనక్కి వచ్చాయి. అక్టోబరులో విడుదలైన వారానికే, తిరగేసి కుట్టారయ్యా అంటూ పత్రికల దుకాణాలవాళ్లు కట్టలు కట్టి పంపేశారు. ఈ రెండు నెలలూ రోజూ ఏదో ఒక వంకతో స్టూడియోకి వచ్చి, గెంటా కంటే మీరే ఎక్కువ అరుస్తారని ఎఫ్రేన్‌ని ఏడిపించిన మనిషి, ఆ రోజు రాలేదు. ఫోన్ చేస్తే, తన బల్ల మీది సామాను అట్టపెట్టెలో సర్దుకుంటున్నానని చెప్పింది.

ఎఫ్రేన్ తిన్నగా ఛానెల్ అధికారిణి దగ్గరికి వెళ్లాడు. 'వచ్చే భాగంలో' అని చూపించే ముక్కలో ఏడెనిమిది సెకన్లు ఖాళీగా పోతున్నాయి, అవి నాకివ్వండి అన్నాడు. ఒక్క ఫిర్యాదు వచ్చినా గెంటాకి ఇంకో గొంతు వెతుక్కుంటామని ఆవిడ చెప్పింది. మూడేళ్లు ఎదురుచూస్తే దొరికిన మొదటి పెద్ద పాత్ర అది. సరే అన్నాడు.

ఆ శనివారం గెంటా దేశమంతటికీ చెప్పాడు: "నా పుస్తకాన్ని ఎవరూ తిరగేసి కుట్టలేదు. చివరి పేజీ నుంచి మొదలుపెట్టండి. కష్టమంటారా? నేను ఒంటికన్నుతో చదువుతున్నాను."

సోమవారం వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఇంకా పుస్తకాలు వెనక్కి పంపని ఒక పత్రికల దుకాణం ఎదురుగా నిలబడ్డారు. ఒక పెద్దావిడ వచ్చి మూడో సంపుటం అడిగి, వెనక నుంచి తెరిచింది.

"అమ్మా, తిరగేసి పట్టుకున్నారు" అన్నాడు దుకాణదారు.

"పుస్తకాలమ్మే నీకు తెలియకపోతే ఎలా నాయనా? ఒంటికన్ను అబ్బాయి టీవీలో చెప్పాడుగా."

జూలెమా ఎఫ్రేన్ చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరువాత వదలడం మరిచిపోయింది. అతనూ గుర్తుచేయలేదు. వాన కూడా దయతలచి ఇంకాస్త పెద్దదైంది.

గురువారానికల్లా దుకాణాలవాళ్లు పంపేసిన కట్టలన్నీ తిరిగి ఇమ్మని అడిగారు. మరుసటి వారం రెండో ముద్రణ మొదలైంది. మొదటి రెండు సంపుటాలు కూడా సరిచేసి మళ్లీ వేస్తున్నామని, సంపాదకురాలిగా ఆమె పేరే ఉంటుందని ప్రచురణకర్త స్వయంగా చెప్పాడు. ఆ కబురు పట్టుకుని ఆమె స్టూడియోకి పరుగెత్తుకొచ్చేసరికి సాయంత్రం ఏడయింది. ఎఫ్రేన్ ఆ రోజు చివరి మాట చెప్పి అప్పుడే హెడ్‌ఫోన్లు తీస్తున్నాడు.

"గెలిచాం. అందరికీ బట్టలు మారుస్తున్నారు" అంది ఆయాసపడుతూ.

ఎఫ్రేన్ ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్లీ నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

"ఇంత అరిచే మనిషికి ఇప్పుడేమైంది?"

"ఎవరో రాసిచ్చిన మాటలే నాకు వచ్చు. ఇది ఎవరూ రాసివ్వలేదు."

జూలెమా అతని చేతిలోంచి పెన్సిల్ లాక్కుంది. స్క్రిప్టు అంచున ఒక వాక్యం రాసి అతని ముందుకు జరిపింది. అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"జూలెమా, జీవితమంతా నాతో ఉండిపోతారా?"

"బాగాలేదు. కాగితం చూసి చదువుతున్నట్టు తెలిసిపోతోంది. ఇంకోసారి."

అతను కాగితం బోర్లించాడు. ఆమె కళ్లలోకి చూశాడు.

"ఉండిపో జూలెమా."

"ఇది బాగుంది" అంది ఆమె మెల్లగా. "ఉంటాను. నువ్వు వద్దన్నా ఉంటాను."

అద్దం అవతల అబుందియో గారు మైకు కట్టేసి, ఎర్రలైటు ఆర్పారు. టోపీ తీసుకుని, వాళ్లిద్దరికీ వినపడకుండా, ఆ రాత్రికి తన గది తలుపు నెమ్మదిగా మూసి వెళ్లిపోయారు.