ఏ మూల నుంచి లెక్క?

"ఉప్పు డబ్బా ఎవరు కదిపారు?" పొద్దున్నే అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఎవరూ కదపలేదత్తయ్యా. అర తుడిచి మళ్ళీ సర్దాను, అంతే," అంది కోడలు.

"సర్దడం వేరు, దాచిపెట్టడం వేరమ్మా."

అత్తగారికి చూపు మసకబారినప్పటి నుంచీ రోజూ ఇదే గొడవ. పొయ్యి పక్కన గోడకి గళ్ళ గళ్ళ చెక్క అర. గడికో డబ్బా, అన్నీ ఒకే పోలిక. నిన్న కూరలో ఉప్పుకి బదులు చక్కెర పడింది. కొడుకు ముద్ద తిరిగి కంచంలో పెట్టేసి, "నువ్వింక వంటింట్లోకి రావద్దమ్మా. వంటమనిషిని మాట్లాడతాను," అన్నాడు. ఆవిడ అన్నం సగంలో వదిలేసింది.

సెలవు కావడంతో మనవరాలు గళ్ళ కాగితం ముందేసుకుని కూర్చుంది. బళ్ళో కొత్త పాఠం. ముందు అడ్డంగా ఎన్ని గళ్ళో, తర్వాత పైకి ఎన్ని గళ్ళో చెబితే చాలు, చోటు దొరికిపోతుంది.

"నానమ్మా, ఉప్పు అడ్డంగా రెండు, పైకి మూడు. తియ్యి."

ఆవిడ వేళ్ళు గళ్ళు దాటుకుంటూ వెళ్ళి ఓ డబ్బా దించాయి. నాలిక మీద చిటికెడు వేసుకుని మొహం చిట్లించింది. "చక్కెరే ఇది."

"ముందు పైకి వెళ్ళావా ఏంటి?"

"లేదే. నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. ఏ మూల నుంచో నువ్వు చెప్పలేదుగా. పొయ్యి దగ్గర నిలబడితే నాకు కుడి మూలే మొదలు."

పిల్ల కాగితం వంక చూసింది. సున్నా ఎడమ కింది మూలన అచ్చై ఉంది. అక్కడే ఎందుకుండాలని తనెప్పుడూ అడగలేదు.

"అయితే సున్నాని జరపొచ్చా?"

"నన్నడుగుతావేం? చదువుకునేది నువ్వు."

అప్పుడే కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. "నిన్న ఏం చెప్పానమ్మా?"

"విన్నాన్రా. వినడం తప్ప నాకింకేం పని మిగిల్చావు?"

"నీ మంచికేగా."

"నాన్నా, నానమ్మ తప్పు కాదు," అంది పిల్ల. "అమ్మ గుమ్మం వైపు నిలబడి ఎడమ నుంచి సర్దుతుంది. నానమ్మ కుడి నుంచి వెతుకుతుంది. అద్దంలో చూసినట్టు అన్నీ తిరగబడిపోతున్నాయి."

కోడలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. అరని ఎటు నుంచి సర్దుతున్నానని తనెప్పుడూ గమనించుకోలేదు. డబ్బాలన్నీ దించి, అత్తగారి పక్కన నిలబడి, ఆవిడని అడుగుతూ కుడి మూల నుంచి ఒక్కొక్కటే పెట్టింది.

"కారం," అన్నాడు కొడుకు, నమ్మకం లేకుండా.

ఆవిడ చెయ్యి తడుముకోలేదు. కారం, పసుపు, జీలకర్ర, అడిగిందల్లా వచ్చింది.

"మరి మంట సంగతి?" అని గొణిగాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక కోడలు గరిట కింద పెట్టింది.

"వంటమనిషి వద్దండీ. పొయ్యి వెలిగించడం, దించడం నేను చూసుకుంటాను. వంట అత్తయ్యదే. ఇకనుంచి మన వంటింటికి సున్నా ఆవిడ నిలబడే మూల. అందరం అక్కణ్ణుంచే లెక్కపెట్టాలి."

"నేను కూడానా?"

"మీరే ముందు."

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని, కంచం దగ్గరికి లాక్కుంది.